మా ఇల్లు, మన ఇల్లు, పుట్టిల్లు: పెళ్లైన కొత్తలో వచ్చే భాష, కాగితాల, ప్రయాణాల సందేహాలు

కొత్తపేట_కోడలు:
అందరికీ నమస్కారం. నా మాతృభాష హిందీ. అత్తగారింట్లో అందరూ తెలుగే మాట్లాడతారు. మూడు సందేహాలున్నాయి, తెలిసినవాళ్లు విడమరిచి చెప్పండి. ఒకటి: "మా ఇంటికి వెళ్లాలి" అంటే అత్తగారు నొచ్చుకుంటున్నారు, తప్పెక్కడ? రెండు: "నేను ఇంటికి వెళ్లాలని ఉన్నాను" అనకూడదంటున్నారు, ఎందుకు? మూడు: ఈ ఇంట్లో కొందరు పోతా అంటారు, కొందరు వెళ్తా అంటారు. నేను ఏది అనాలి?

మలక్‌పేట_మాస్టారు:
మొదటిదానికే ఎక్కువ చెప్పాలమ్మా. హిందీలో 'హమ్' ఒక్కటే. తెలుగులో అది రెండు. ఎదురుగా వింటున్న మనిషిని కలుపుకుంటే మనం, కలుపుకోకపోతే మేము. మేము, మా, మాకు, మమ్మల్ని ఒక వరస. మనం, మన, మనకు, మనల్ని ఇంకో వరస. అత్తగారితో "మా ఇంటికి" అంటే ఆవిడకు వినపడేది "మీకు సంబంధం లేని, నా వాళ్ల ఇంటికి" అని. అంటే ఇప్పుడున్న ఇల్లు నీది కాదన్నట్టు. నీ మనసులో ఆ ఉద్దేశం లేకపోయినా 'మా' అనే ఒక్క అక్షరం ఆ పని చేసేస్తుంది.

కాబట్టి ఎవరితో మాట్లాడుతున్నావో ముందు చూసుకో. అత్తగారితో, భర్తతో: ఇప్పుడున్నది "మన ఇల్లు", అక్కడిది "అమ్మ వాళ్లిల్లు" లేదా "పుట్టిల్లు". ఫోన్‌లో మీ అమ్మగారితో: అక్కడిది "మన ఇల్లు". అత్తవారింటి సంగతి అమ్మకు చెప్పేటప్పుడు "మా ఇంట్లో" అనొచ్చు, ఎందుకంటే అమ్మ ఈ ఇంట్లో మనిషి కాదు. పక్కింటావిడతో: ఇప్పుడున్నది "మా ఇల్లు", అక్కడిది "మా పుట్టిల్లు". ఇల్లు మారలేదు, వినేవాళ్లు మారారు, మాట మారింది. పిల్లలు పుట్టాక కూడా ఇంతే: భర్తతో "మన పిల్లలు", బడిలో టీచరుతో "మా పిల్లలు".

ఒక చిక్కు. క్రియకు ఈ తేడా లేదు. "మేము వెళ్తున్నాం", "మనం వెళ్తున్నాం", రెండింటికీ చివర ఒకటే. అందుకని సర్వనామం వదిలేసి "రేపు ఊరికి వెళ్తున్నాం" అంటే, విన్న ఆడపడుచు తనకూ సంచి సర్దుకుంటుంది. అనుమానం వచ్చే చోట మేమో మనమో స్పష్టంగా పలకాలి. "వెళ్దాం", "తిందాం" లాంటి 'దాం' రూపం మాత్రం ఎప్పుడూ వినేవాళ్లను కలుపుకునేదే. "మేము వెళ్దాం" అన్న వాక్యం తెలుగులో నిలవదు.

సూర్యాపేట_పిల్ల:
మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. నాగ్‌పూర్ దిక్కు మరాఠీ మాట్లాడేటోళ్లకు ఇది జల్ది అందుతది, వాళ్లకు ఆమ్హీ, ఆపణ్ అని రెండున్నయి. తమిళంల నాంగళ్, నామ్. గుజరాతీల కూడ రెండున్నయి. కన్నడంల నావు ఒక్కటే, అందుకే ఆ దిక్కు నుంచి వచ్చిన కోడండ్లకు కూడ ఇదే తిప్పలు.

మూడో ప్రశ్నకు నేను చెప్త. తెలంగాణల 'పోవుడు' మామూలు మాట, అమర్యాద లేదు. "అత్తమ్మా, నేను పోయొస్త" అంటె నిండుగ ఉంటది. కోస్తా దిక్కు పెద్దోళ్ల గురించి "పోయారు" అంటె చనిపోయిన్రని అర్థం చేసుకుంటరు. అందుకని మీ ఇంట్ల ఎవరు ఏ దిక్కోళ్లో చూసుకోండ్రి. ఒకటి మాత్రం రెండు దిక్కుల కలుస్తది: గడప దాటేటప్పుడు ఉత్త "పోతున్న", "వెళ్తున్నా" అనొద్దు. "పోయొస్త", "వెళ్లొస్తా" అనాలె. తిరిగి వస్తనన్న మాట అందులనే ఉండాలె.

మలక్‌పేట_మాస్టారు:
ఇక రెండోది. "వెళ్లాలని ఉంది" అన్నప్పుడు ఉన్నది నువ్వు కాదు, కోరిక. అది నీకు ఉంది. అందుకే 'నేను' రాదు, 'నాకు' వస్తుంది, క్రియ ఎప్పుడూ 'ఉంది'లోనే ఆగుతుంది. నాకు వెళ్లాలని ఉంది, మాకు వెళ్లాలని ఉంది, వాళ్లకు వెళ్లాలని ఉంది. "ఉన్నాను", "ఉన్నాం", "ఉన్నారు" అని మార్చావో, వాక్యం విరిగిపోతుంది. నిన్నటి సంగతైతే "వెళ్లాలని ఉండేది". వద్దనుకుంటే "వెళ్లాలని లేదు".

దీని చుట్టూ నాలుగైదు మాటలున్నాయి, కలిపేయకూడదు. "వెళ్లాలనిపిస్తోంది" అంటే ఇప్పుడే పుట్టిన కోరిక, కాసేపటికి పోవచ్చు. దీనికీ 'నాకు'నే. "వెళ్లాలనుకుంటున్నాను" అంటే తీసుకున్న నిర్ణయం, ఇక్కడ 'నేను'. "వెళ్లాలి" అంటే తప్పదు. అత్తగారి దగ్గర చాలామంది కోడళ్లు ఇక్కడే తడబడతారు. అడగాల్సిన చోట "నేను శుక్రవారం వెళ్లాలి" అంటే అడిగినట్టు ఉండదు, తేల్చి చెప్పినట్టు ఉంటుంది. "వెళ్లాలని ఉంది, ఎప్పుడు వెళ్లమంటారు?" అంటే అడిగినట్టు. వ్యతిరేకంలో ఇంకా జాగ్రత్త: వెళ్లక్కర్లేదు అంటే అవసరం లేదు, వెళ్లకూడదు అంటే తప్పు, వెళ్లొద్దు అంటే ఎదుటివాళ్లను ఆపడం. మామగారితో "మీరు వెళ్లొద్దు" అనేసి, "మీరు శ్రమపడి రానక్కర్లేదు" అన్నానని అనుకోవద్దు.

సూర్యాపేట_పిల్ల:
మా దిక్కు "నాకు ఇంటికి పోబుద్దైతుంది" అంటం. అదిగూడ 'నాకు'తోనే. పోబుద్దైతలేదు, తినబుద్దైతలేదు అని వద్దనుకున్నప్పుడు. మనసుల గుబులుంటె "ఇల్లు యాదికొస్తుంది" అంటరు. ఎక్కువైతె రంది, మనాది. "పిల్ల ఇంటి మీద రంది పెట్టుకున్నది" అని అత్తమ్మ పక్కింటోళ్లతోటి అంటున్నదంటె మిమ్మల్ని తప్పు పడతలేదు, బాధ పడుతున్నదని అర్థం.

నారాయణగూడ_వదిన:
కోస్తాలో దానికే బెంగ అంటాం. బెంగ 'మీద' పెట్టుకుంటారు: అమ్మ మీద బెంగ, ఇంటి మీద బెంగ. "ఇంటి కోసం బెంగ" అని రాస్తున్నారు ఈ మధ్య, అది అతకదు.

ఇంకొకటి, ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను. ఇల్లు, ఊరు అనే మాటలకు ప్రత్యయం నేరుగా అంటదు. ఇల్లు 'ఇంటి' అవుతుంది: ఇంటికి, ఇంటి నుంచి, ఇంట్లో. "ఇల్లుకి", "ఇల్లులో" అనొద్దు. ఊరు: ఊరికి, ఊరి నుంచి, కానీ లోపల అన్నప్పుడు ఊళ్లో. కాలు, పాలు లాంటివి మళ్లీ వేరే దారి, ఇక్కడ వద్దు.

కొత్తపేట_కోడలు:
చాలా ఉపయోగపడింది. పిలుపులు కూడా చెప్పగలరా? భర్త అన్నగారు, ఆయన భార్య, భర్త అక్క, చెల్లెలు.

నారాయణగూడ_వదిన:
భర్త అన్న నీకు బావగారు. ఆయన భార్య వరసకు తోటికోడలు, పిలిచేది మాత్రం అక్కా అని. భర్త తమ్ముడు మరిది, పేరు పెట్టి పిలవొచ్చు. భర్త అక్క ఆడపడుచు, పిలుపు వదినా. భర్త చెల్లెలూ ఆడపడుచే, ఆమె నిన్ను వదినా అంటుంది, నువ్వు పేరుతో పిలవొచ్చు. తెలంగాణలో ఆడిబిడ్డ అంటారు. 'ఆడపడుచు', 'తోటికోడలు', 'మరిది' అన్నవి వరస చెప్పే మాటలే తప్ప పిలిచే మాటలు కావు. "ఏమండీ ఆడపడుచుగారూ" అని ఎవరూ అనరు. మామయ్యగారిని, అత్తయ్యగారిని మీరు అనడం మామూలు. అత్తగారు నిన్ను నువ్వు అన్నారని నువ్వూ నువ్వు అనకు, చనువు వాళ్ల వైపు నుంచి రావాలి.

నిజాంపేట_అన్న:
ఇదే చర్చలో అడుగుతున్నాను, వేరేది తెరవడం ఎందుకని. మా చెల్లి పెళ్లి రాజమండ్రిలో. శుభలేఖ ప్రూఫు వచ్చింది. ముహూర్తం రాత్రి 2.15. పురోహితుడు 12వ తేదీ బుధవారం అని రాసిచ్చారు, ప్రెస్‌వాళ్లు 13వ తేదీ గురువారం అని వేశారు. ఏది ఒప్పు? హైదరాబాద్ నుంచి బంధువులు చాలామంది రావాలి.

ఛత్తాబజార్_ప్రూఫులు:
ఇద్దరిదీ ఒప్పే, అందుకే ప్రమాదం. పంచాంగంలో వారం సూర్యోదయంతో మొదలై మర్నాటి సూర్యోదయందాకా నడుస్తుంది. రాత్రి 2.15 ఇంకా బుధవారమే. గడియారం లెక్కలో అర్ధరాత్రి దాటగానే 13, గురువారం. శుభలేఖలో ఒకటే వేస్తే సగం మంది ఒక రోజు అటో ఇటో వస్తారు. వేయాల్సిన పద్ధతి ఇది: "12వ తేదీ బుధవారం రాత్రి తెల్లవారుజామున 2.15 గం.లకు (తెల్లవారితే గురువారం, 13వ తేదీ)". కుండలీకరణంలో ఉన్న ఆ ముక్క తీసేయమని డిజైన్ చేసేవాళ్లు అడుగుతారు, అందంగా లేదని. తీయనివ్వొద్దు. విందు ఏ పూటో విడిగా వేయండి: "విందు: 12వ తేదీ బుధవారం రాత్రి 7.30 నుంచి". భోజనాల వేళను బట్టే ఎక్కువమంది ప్రయాణం కుదుర్చుకుంటారు.

ఇక అక్షరదోషాలు. ప్రెస్సుల్లో ఇప్పటికీ చాలావరకు 'అను' అనే, యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో కూర్చుతారు. మీరు ఫోన్‌లో పంపింది యూనికోడ్. మార్చేటప్పుడు ఒత్తులు కొట్టుకుపోతాయి. ప్రూఫులో ముందు చూడాల్సినవి థ, ధ. ప్రార్థన, అతిథి, ఆతిథ్యం, నిశ్చితార్థం, ఇవన్నీ థ. అర్ధరాత్రి మాత్రం ధ, ఎందుకంటే అక్కడ అర్ధం అంటే సగం. నిశ్చితార్థంలో ఉన్నది అర్థం, నిశ్చయమైన విషయం. జ్యేష్ఠ పుత్రుడు అన్నచోట 'జేష్ఠ' పడుతుంది, యవత్తు చూడండి. కనిష్ఠలో ష్ఠ. వధూవరులు అని 'ధూ' దీర్ఘం, 'వధువరులు' కాదు. ఆహ్వానంలో 'ఆ' దీర్ఘం, హకి వ వత్తు.

పేర్ల ముందు: పెళ్లికొడుకుకు చి., పెళ్లికూతురుకు చి.ల.సౌ., కాలం చేసిన పెద్దలకు కీ.శే. ఈ కీ.శే. ఒక పేరు ముందు పడాల్సింది పక్క వరసలో బతికున్నవాళ్ల ముందు పడిన ప్రూఫులు వస్తుంటాయి. అది ఇంట్లో ఇద్దరు వేరువేరుగా చదివి చూడాలి. పిలిచేవాళ్లు మీరే అయినప్పుడు మీ పేరు చివర గారు వద్దు. వియ్యంకుల పేర్లకు గారు ఉండాలి.

మలక్‌పేట_మాస్టారు:
ఒకటి కలుపుతాను. "సకుటుంబ సపరివార సమేతంగా" అని ప్రతి శుభలేఖలో ఉంటుంది. 'స' అంటేనే కూడి ఉన్న అని. మళ్లీ సమేతం ఎందుకు? "సకుటుంబ సపరివారంగా" చాలు. లేదా "కుటుంబ పరివార సమేతంగా". రెండూ కలిపితే ఒకే మాట రెండుసార్లు చెప్పినట్టు.

ఛత్తాబజార్_ప్రూఫులు:
మాస్టారూ, వ్యాకరణం మీరన్నట్టే. కానీ అలా దిద్ది ఇస్తే పెద్దవాళ్లు "ఏదో మాట పోయింది, మళ్లీ వేయండి" అంటారు. నేను రెండు ప్రూఫులూ ముందు పెట్టమంటాను, ఇంటివాళ్లు ఎంచుకుంటారు. థ, ధ తప్పులతో మాత్రం రాజీ లేదు.

సైనిక్‌పురి_పాఠకుడు:
కల్యాణమా, కళ్యాణమా? మా ఇంట్లో రెండు వర్గాలున్నాయి.

మలక్‌పేట_మాస్టారు:
మూలం సంస్కృతం, అక్కడ ల్య. కల్యాణం. తెలుగులో కళ్యాణం ఎంతకాలంగానో వాడుకలో ఉంది, చదివేవాళ్లకు తప్పుగా తోచదు. ఏదో ఒకటే వాడండి. పైన "కల్యాణ మహోత్సవం", కింద వేదిక పేరులో "కళ్యాణ మండపం" అని ఉంటే మాత్రం వేదికది వాళ్ల బోర్డు మీద ఉన్నట్టే ఉంచండి, దారి అడిగేవాళ్లకు అదే అక్కరకొస్తుంది. పెళ్లి, పెళ్ళి, పెండ్లి కూడా అంతే, ఏదైనా సరే, ఒక్కటే.

కాచిగూడ_కౌంటర్:
రాజమండ్రి అన్నారు కాబట్టి రైలు సంగతి. తేదీ గందరగోళం శుభలేఖలోనే కాదు, టికెట్‌లోనూ ఉంది. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంత్రం బయల్దేరి అర్ధరాత్రి దాటాక రాజమండ్రి చేరుతుంది. 12న ఎక్కితే దిగేసరికి 13వ తేదీ అవుతుంది, ముహూర్తానికి ముందు దిగి, తయారై, మండపం చేరేంత సమయం ఉండదు. రైలు కొంచెం నడుమ ఆగితే తలంబ్రాలు కూడా అందవు. కాబట్టి దగ్గరి బంధువులు 11 రాత్రి బండికి రావాలి. లేదంటే 12న సికింద్రాబాద్ నుంచి మధ్యాహ్నం వెళ్లే వందే భారత్ ఎక్కాలి, అది అదే రాత్రి దింపుతుంది.

ముందస్తు బుకింగ్ 2024 నవంబర్ 1 నుంచి 60 రోజులు. ప్రయాణం రోజు లెక్కలోకి రాదు. పొద్దున 8 గంటలకు తెరుస్తారు. ఉదాహరణకు జనవరి 12 సంక్రాంతి ప్రయాణానికి నవంబర్ 13న తెరుచుకుంటుంది. తిరుగు ప్రయాణం జనవరి 17న అయితే నవంబర్ 18. రెండూ ఒకే రోజు దొరుకుతాయని కూర్చోకండి. ఆధార్ అనుసంధానం చేయని ఖాతాతో తెరిచే వేళకు టికెట్ రాదు, కనీసం వారం ముందే చేసి పెట్టుకోండి. పేర్ల జాబితా కూడా ముందే ఖాతాలో నింపి ఉంచాలి.

తత్కాల్ ముందురోజు: ఏసీకి 10 గంటలకు, స్లీపర్‌కు 11కి. ఇక్కడే చాలామంది పొరపడతారు. ముందురోజు అంటే రైలు మొదట బయల్దేరే స్టేషన్ నుంచి లెక్క, మీరు ఎక్కే స్టేషన్ నుంచి కాదు. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ముంబైలో ముందురోజు బయల్దేరి మర్నాడు పొద్దున సికింద్రాబాద్ వస్తుంది. 12న సికింద్రాబాద్‌లో ఎక్కాలంటే ఆ బండి ముంబైలో కదిలేది 11న, కాబట్టి తత్కాల్ తెరిచేది 10న. 11 పొద్దున కూర్చుంటే అప్పటికే అంతా అయిపోయి ఉంటుంది.

రాత్రి 12.20కి బయల్దేరే రైళ్లకూ అదే జాగ్రత్త. 13వ తేదీ 00.20 అంటే 12 రాత్రి భోజనం చేసి స్టేషన్‌కు రావాలి.

స్టేషన్ కూడా చూసుకోండి. టికెట్ మీద 'హైదరాబాద్' అంటే నాంపల్లి. సికింద్రాబాద్, కాచిగూడ, లింగంపల్లి వేరు. 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమయ్యాక కొన్ని బండ్లు, పండగ స్పెషల్స్ అక్కడి నుంచి వెళ్తున్నాయి. మియాపూర్ నుంచి చర్లపల్లి చేరడం అంటే నగరం అంతా దాటడమే.

నిజాంపేట_అన్న:
అందరికీ ధన్యవాదాలు. శుభలేఖలో రెండు తేదీలూ వేయిస్తున్నాం. పెళ్లి నమోదు రాజమండ్రిలో చేయించాలా, హైదరాబాద్‌లోనా? వాళ్లిద్దరూ ఉండేది ఇక్కడే.

నాంపల్లి_న్యాయవాది:
పెళ్లి జరిగిన చోటు సబ్ రిజిస్ట్రార్ దగ్గర గానీ, నివాసం ఉన్న చోట గానీ చేయించుకోవచ్చు. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం సెక్షన్ 8 కింద. తెలంగాణలో 2002 చట్టం ప్రకారం నమోదు తప్పనిసరి. ఇక్కడైతే స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ తీసుకుని ఇద్దరూ స్వయంగా వెళ్లాలి. పట్టుకెళ్లాల్సినవి: ఇద్దరి వయసు రుజువు, అంటే పదో తరగతి మెమో లేదా జనన ధ్రువపత్రం, చిరునామా రుజువు, శుభలేఖ అసలు ప్రతి, పెళ్లి ఫొటోలు, ముగ్గురు సాక్షులు, వాళ్ల గుర్తింపు పత్రాలు. ఫొటోలో వధూవరులిద్దరి ముఖాలు కనపడాలి, క్రతువు తెలియాలి. పక్కకు తిరిగి నవ్వుతున్న ఫొటోలు తిరిగి వస్తాయి.

శుభలేఖలో పేర్లు ముద్దుపేర్లతో వేయిస్తే నమోదప్పుడు చిక్కు. మెమోలో ఒక పేరు, శుభలేఖలో ఇంకో పేరు ఉంటే రెండు పేర్లూ ఒకరివేనని వేరే కాగితం అడగొచ్చు. కనీసం ఒక వరసలో మెమోలో ఉన్న పేరు వేయించండి. సర్టిఫికెట్ చేతికి రాగానే అక్షరాలు కౌంటర్ దగ్గరే సరిచూసుకోవాలి, తర్వాత దిద్దించడం పెద్ద పని.

గుడిలో ఇచ్చే రసీదు, పెళ్లి చేసిన సంస్థ ఇచ్చే పత్రం ప్రభుత్వ నమోదుకు బదులు కావు. అలాగే, నమోదు కాగితం ఒక్కటే ఉంటే పెళ్లి అయిపోయినట్టూ కాదు. హిందూ వివాహానికి క్రతువు జరిగి ఉండాలని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. సప్తపది ఉన్న సంప్రదాయంలో ఏడో అడుగుతో వివాహం పూర్తవుతుందని సెక్షన్ 7 అంటుంది. వీసా తొందరలో పెళ్లికి ముందే సంతకాలు పెట్టేవాళ్లు ఇది గమనించాలి.

ఉప్పల్_ఉద్యోగి:
వేరువేరు మతాలవాళ్లయితే ఎంతకాలం పడుతుంది సార్?

నాంపల్లి_న్యాయవాది:
1954 ప్రత్యేక వివాహ చట్టం. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో నోటీసుకు ముందు కనీసం 30 రోజులు ఉండి ఉండాలి. నోటీసు ఇచ్చాక 30 రోజులు అభ్యంతరాలకు. అవి లేకుంటే ముగ్గురు సాక్షుల ముందు వివాహం. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు క్యాలెండర్ నెలల లోపు చేసుకోకపోతే నోటీసు చెల్లదు, మళ్లీ మొదటి నుంచి. హైదరాబాద్‌కు కొత్తగా మారినవాళ్లకు ఉండటానికి 30, నోటీసుకు 30, కలిపి రెండు నెలలు చేతిలో ఉంచుకోవాలి. వయసు అబ్బాయికి 21, అమ్మాయికి 18.

మన దగ్గర ఎక్కువ కాబట్టి ఇదీ చెప్పాలి: మేనమామ కూతురు, మేనత్త కొడుకు వరసలు చట్టంలోని నిషిద్ధ జాబితాలోనే ఉన్నాయి. అయితే ఇద్దరిలో ఒకరి ఆచారమైనా ఒప్పుకుంటే ప్రత్యేక వివాహ చట్టం కింద చెల్లుతుంది. హిందూ వివాహ చట్టంలోనూ ఆచారానికి మినహాయింపు ఉంది. మేనరికాలు తెలుగువాళ్లలో ఆచారమే గనక ఇబ్బంది లేదు. బాబాయ్ పిల్లలు, పెద్దమ్మ పిల్లలు అన్నదమ్ముల వరస, అక్కడ ఆచారం లేదు.

నారాయణగూడ_వదిన:
ఇంటిపేరు మార్చుకోవాలా అని చాలామంది అడుగుతారు. చెప్పండి.

నాంపల్లి_న్యాయవాది:
చట్టప్రకారం అక్కర్లేదు. మార్చుకుంటే అన్నిచోట్లా మార్చుకోవాలి. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చనిస్తారు. ఒకసారి అక్షరదోషానికి వాడేస్తే ఒకటే మిగులుతుంది. చిరునామా ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. అందుకే ముందు చిరునామా మార్చుకుని, పేరు సంగతి నిదానంగా ఆలోచించుకోమంటాను.

సూర్యాపేట_పిల్ల:
ఆధార్ చిరునామా బస్సుకు గూడ పనికొస్తది. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి నడుస్తుంది. తెలంగాణ చిరునామా ఉన్న అసలు గుర్తింపు కార్డు చూపెట్టాలె, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులల్ల ఆడోళ్లకు టికెట్ పైసలుండవు. జీరో టికెట్ మాత్రం తప్పకుంట తీసుకోవాలె. డీలక్స్, సూపర్ లగ్జరీ ఎక్కితె పూరా చార్జీ. రాష్ట్రం సరిహద్దు దాకనే చెల్లుతది. కొత్తకోడలు ఆధార్‌ల వేరే రాష్ట్రం చిరునామా ఉంటె ఇక్కడ వర్తించదు. ఆంధ్రల స్త్రీశక్తి 2025 ఆగస్టు 15న మొదలైంది, అది వాళ్ల రాష్ట్రం లోపట తిరిగేటందుకు.

ఎక్కడ ఎక్కాల్నంటె: కరీంనగర్, సిద్దిపేట దిక్కు సికింద్రాబాద్‌ల ఉన్న జూబ్లీ బస్టాండు, జేబీఎస్. హన్మకొండ, వరంగల్‌కు ఉప్పల్‌ల అందుకోవచ్చు. సూర్యాపేట, ఖమ్మం, విజయవాడ బస్సులు ఎల్బీనగర్‌ల గూడ ఆగుతయి, కొత్తపేటోళ్లు హైదరాబాద్ పెద్ద బస్టాండు ఎంజీబీఎస్‌ దాక పోవుడు దండుగ. మియాపూర్ దిక్కు నుంచి వచ్చేటోళ్లకు మెట్రో ఎంజీబీఎస్ కాడనే దించుతది.

కొత్తపేట_కోడలు:
ఆషాఢంలో కొత్త కోడలు పుట్టింటికి వెళ్లాలంటున్నారు. ఈ ఏడాది అది ఎప్పుడు? అత్తగారితో ఎలా మాట్లాడితే బాగుంటుంది?

నారాయణగూడ_వదిన:
2026లో అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి ఆషాఢం జూలై 15 నుంచి ఆగస్టు 12 వరకు. పెళ్లైన మొదటి ఆషాఢంలో అత్తా కోడలూ ఒకే గడప దాటకూడదని ఆచారం, అందుకే పుట్టింటికి పంపుతారు. కొన్ని ఇళ్లలో నెలంతా, కొన్నిట్లో మొదటి కొన్ని రోజులే. మీ ఇంట్లో ఏ పద్ధతో అత్తగారినే అడుగు, ఆవిడకు అడిగించుకోవడం ఇష్టంగా ఉంటుంది. "అత్తయ్యా, ఆషాఢానికి అమ్మ వాళ్లింటికి వెళ్లాలని ఉంది. ఎన్ని రోజులకు పంపిస్తారు? శ్రావణానికి మన ఇంటికి వచ్చేస్తాను" అను. పంపించడం వాళ్ల చేతిలో పెట్టావు, తిరిగొచ్చే మాట చెప్పావు. మీ పుట్టింటి నుంచి అన్నో నాన్నో వచ్చి తీసుకెళ్లడం మర్యాద. వాళ్లు రాలేకపోతే అది ముందే చెప్పాలి, చివర్లో చెబితే మాటొస్తుంది. శ్రావణ మంగళవారాల నోము, వరలక్ష్మీ వ్రతం ఎక్కడ చేసుకోవాలో కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. మంగళగౌరి నోము అయిదేళ్లు పట్టేది, మొదటి ఏడు పుట్టింట్లో పట్టడం చాలా ఇళ్లలో ఆనవాయితీ.

కాచిగూడ_కౌంటర్:
జూలై 14న బయల్దేరాలంటే బుకింగ్ మే 15 పొద్దున 8కి. ఆగస్టు 13న తిరుగు ప్రయాణానికి జూన్ 14. తీసుకెళ్లడానికి అన్నయ్య వస్తే వెళ్లేటప్పుడు ఇద్దరికీ ఒకే టికెట్‌లో తీయండి, విడివిడిగా తీస్తే వేరే పెట్టెల్లో పడొచ్చు. ఆన్‌లైన్‌లో తీసినది చార్ట్ తయారయ్యేసరికి అందరికీ వెయిటింగ్‌లోనే ఉంటే దానంతట అదే రద్దవుతుంది, ఆ టికెట్‌తో ఎక్కకూడదు. ఆర్ఏసీ అయితే ఎక్కొచ్చు, కూర్చునే చోటు ఇస్తారు, బెర్తు ఖాళీ అయితే టీటీఈ కేటాయిస్తారు. ఎక్కే స్టేషన్‌ను మార్చుకుంటే పాత స్టేషన్‌లో ఎక్కే హక్కు పోతుంది, అందుకని చర్లపల్లి, సికింద్రాబాద్ రెండూ ఉన్న బండి అయితే ఎక్కడ ఎక్కుతారో బుక్ చేసేటప్పుడే తేల్చుకోండి.